పాట, బాట, మాట: పెదవులను చదువు యంత్రముల చరిత్ర

అద్దము ఎదుట నిలిచి, గొంతు పైకి రానీయక, ‘పాట’ అని పెదవులు మాత్రము కదిలించి చూడుడు. తరువాత ‘బాట’ అని, ఆ పిమ్మట ‘మాట’ అని అట్లే కదిలించుడు. అద్దములోని మనిషి మూడుసార్లును ఒకే పని చేసినట్లు కనబడును. పెదవులు మూసికొని విడివడును, నోరు తెరచుకొనును, నాలుక కొన పైకి పోవును. చెవికి మూడుగా వినవచ్చు ఈ మాటలు కంటికి ఒక్కటే.

ఎదుటివారి పెదవుల కదలికను, ముఖకవళికలను చూచి మాటను గ్రహించు విద్యకు ఓష్ఠపఠనము అని పేరు. వినికిడి తగ్గినవారిలో అనేకులు తెలిసియో తెలియకయో దీనిని కొంత అలవరచుకొందురు. ఇంటిలోని తాతగారు ‘ఇటు తిరిగి చెప్పరా’ అనుటలో ఉన్నది ఈ విద్యయే. ఇటీవల కంప్యూటరు కూడ దీనిని నేర్చినదని, శబ్దము లేని వీడియోను చూచి మాటలను వ్రాసిపెట్టగలదని వార్తలు వచ్చినవి. పాటకును బాటకును పెదవులపై భేదమే లేనప్పుడు యంత్రము దేనిని చూచి చదువును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, అట్టి యంత్రము వినికిడి లేనివారికి ఏ మేరకు తోడ్పడగలదో, ఎక్కడ తోడ్పడజాలదో కూడ తెలియును. అందుకు కొంత చరిత్ర అవసరము.

వర్ణమాలలోని సంగతి

మన అక్షరమాల అమరికలోనే ఓష్ఠపఠనమునకు కావలసిన మొదటి పాఠము ఉన్నది. ప్రాతిశాఖ్యములు, శిక్షాగ్రంథములు వ్రాసిన ప్రాచీనులు హల్లులను అవి పుట్టు చోటును బట్టి వరుస పెట్టిరి. క వర్గము కంఠ్యము, చ వర్గము తాలవ్యము, ట వర్గము మూర్ధన్యము, త వర్గము దంత్యము, ప వర్గము ఓష్ఠ్యము. నోటి వెనుక భాగమున మొదలై, క్రమముగా ముందుకు నడచి, పెదవులవద్ద ఆగిన వరుస ఇది. కంటితో చూచువానికి ఈ వరుసయే చీకటినుండి వెలుతురునకు వచ్చు త్రోవ. ‘క’ పలుకునప్పుడు నాలుక మొదలు మెత్తని అంగిలిని తాకుట ఎవరికిని కనబడదు. ‘త’ పలుకునప్పుడు నాలుక కొన పండ్లమధ్య లీలగా కనబడవచ్చును. ‘ప’ పలుకునప్పుడు పెదవులు మూసికొనుట ఎదుటనున్న అందరకు కనబడును.

ఇది స్థానమునకు సంబంధించిన మాట. ఒక్కొక్క వర్గములో మరల అయిదేసి అక్షరములు ఉన్నవి. ప, ఫ, బ, భ, మ లన్నియు పెదవులవద్దనే పుట్టును. వాటిని వేరుచేయునవి గొంతులోని స్వరతంత్రుల అదరుపాటు, ఊపిరి ఒత్తిడి, ముక్కుగుండ గాలి పోవుట. ప్రాచీనులు నాదమును, శ్వాసను, అల్పప్రాణ మహాప్రాణములను బాహ్యప్రయత్నములలో చేర్చిరి. నోటికి వెలుపల, అనగా కంఠములో జరుగునవి కనుక వాటికి ఆ పేరు. పేరులో బాహ్యమని ఉన్నను కంటికి మాత్రము అవి కనబడవు. కావుననే ‘కుడి’కిని ‘గుడి’కిని, ‘బల్లి’కిని ‘మల్లి’కిని పెదవులపై భేదము లేదు.

అచ్చులలో ‘ఆ’కు నోరు తెరచుట, ‘ఈ’కి పెదవులు సాగుట, ‘ఊ’కు గుండ్రబడుట స్పష్టముగా కనబడును. ఈ విధముగా కంటికి ఒకే రూపముగా కనబడు ధ్వనుల గుంపునకు 1968లో ఫిషర్ అను అమెరికా పరిశోధకుడు ఇంగ్లీషులో ‘విజీమ్’ అని పేరు పెట్టెను. మనము దానిని దృశ్యవర్ణము అనుకొనవచ్చును. వర్ణములకంటె దృశ్యవర్ణములు ఏ భాషలోనైనను చాల తక్కువ. మాటలోని సమాచారములో ఒక భాగమే పెదవులమీదికి వచ్చును. మిగిలిన భాగమును ఎక్కడనుండియో తెచ్చి పూరింపవలెను.

కన్ను, చెవి పంచుకొన్న పని

అదృష్టవశమున కంటికి తెలియనిది అనేకసార్లు చెవికి మిగిలియుండును. వయసుతో వచ్చు వినికిడి లోపములో మొదట పోవునవి హెచ్చు పౌనఃపున్యము గల సన్నని ధ్వనులు. ‘స’, ‘శ’, ‘త’ వంటివాటి గుర్తులు ఆ ధ్వనులలోనే ఉండును. స్వరతంత్రుల నాదము తక్కువ పౌనఃపున్యము గలది. పురుషుల గొంతులో అది సెకనుకు నూరు చిల్లర, స్త్రీల గొంతులో సుమారు రెండు వందల కంపనములు. అందుచేత కొంత వినికిడి మిగిలినవారు నాదమున్నదా లేదా అనునది చెవితోను, ధ్వని పుట్టిన చోటు కంటితోను గ్రహించి, రెంటిని కలిపి మాటను పట్టుకొందురు. ‘ఎదుట కూర్చుండిన వినబడును, పక్క గదినుండి పిలిచిన వినబడదు’ అని పెద్దలు చెప్పుటకు దూరము ఒక్కటే కారణము కాదు.

ఈ సహాయమును మొదట లెక్కకట్టి చూపినవారు సంబీ, పొలాక్ అను అమెరికా శాస్త్రజ్ఞులు. వారు 1954లో ప్రకటించిన ప్రయోగములలో, రొద హెచ్చినకొద్ది మాట్లాడువాని ముఖము చూచుటవలన కలుగు లాభము కూడ హెచ్చినది. ఆ ప్రయోగములలో పాల్గొన్నవారు వినికిడి చక్కగా ఉన్నవారే. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అను ఇరువురు మరియొక చిత్రమును కనుగొనిరి. ‘బ’ అను శబ్దమును వినిపించుచు, ‘గ’ అని పలుకు ముఖమును చూపినచో, చాలమంది ‘ద’ అని విన్నట్లు చెప్పిరి. అనగా ఓష్ఠపఠనము బధిరులకు మాత్రమే చెందిన విద్య కాదు. మనమందరము ఎరుగకయే దానిని వాడుచున్నాము. 2020లో కరోనా కాలమున అందరు ముఖమునకు గుడ్డ కట్టుకొనినప్పుడు, వినికిడి బాగుగా ఉన్నదని తలచినవారు సైతము ‘ఏమంటిరి?’ అని మరల మరల అడుగవలసివచ్చుట ఇందువలననే.

మిలాన్ తీర్మానము

వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పుట యూరోపులో పదునారవ శతాబ్దమున స్పెయిను దేశములో మొదలైనదని చెప్పుదురు. పాన్సె డి లియోన్ అను క్రైస్తవ సన్న్యాసి ప్రభు కుటుంబములలోని బధిర బాలురకు వ్రాతను, మాటను నేర్పెను. 1620లో బోనెట్ అను స్పెయిను దేశీయుడు ఈ విద్యపై గ్రంథము ప్రకటించెను. 1648లో ఇంగ్లండునందు జాన్ బుల్వర్ పెదవులను చూచి మాట గ్రహించుటను గురించి వ్రాసెను. పదునెనిమిదవ శతాబ్దము వచ్చుసరికి రెండు మార్గములు ఏర్పడినవి. పారిస్ నగరమున డి లెపే అను మతాచార్యుడు బధిరుల చేతి సంజ్ఞలనే ఆధారముగా చేసికొని పాఠశాల నడపెను. 1778లో లైప్‌జిగ్ నగరమున హైనికె మాటను, ఓష్ఠపఠనమును ప్రధానముగా నేర్పు పాఠశాల పెట్టెను.

ఈ రెండు మార్గముల పోటీలో 1880వ సంవత్సరము పెద్ద మలుపు. ఆ యేట ఇటలీలోని మిలాన్ నగరమున బధిర విద్యోపాధ్యాయుల అంతర్జాతీయ సభ జరిగినది. పిల్లలకు మాటను, ఓష్ఠపఠనమును మాత్రమే నేర్పవలెనని, సంజ్ఞాభాషను పాఠశాలలనుండి తొలగింపవలెనని ఆ సభ తీర్మానించినది. నూట అరువదికి పైగా వచ్చిన ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. ఆ తీర్మానముతో అనేక దేశములలో బధిరులైన ఉపాధ్యాయులు పనులు కోల్పోయిరి. పిల్లలు చేతులతో మాటలాడుట తప్పుగా ఎంచబడెను. మన దేశమున బొంబాయిలో 1880 దశాబ్దమున, కలకత్తాలో 1893లో బధిరుల పాఠశాలలు ఏర్పడినవి. అవి ఈ భావములు ప్రబలిన కాలముననే పుట్టినవి.

ఆ తీర్మానములోని లోపము శాస్త్రసంబంధమైనది. ఓష్ఠపఠనములో కంటికి చిక్కని భాగమును పూరించునది భాషాజ్ఞానము. అరువదియవ యేట వినికిడి కోల్పోయిన మనిషికి తెలుగు అంతయు లోపల ఉన్నది. ఎదుటివాడు పాటో బాటో మాటో అన్నప్పుడు, వాక్యము చివర ‘పాడెను’ అని ఉన్నదో, ‘పట్టెను’ అని ఉన్నదో, ‘ఇచ్చెను’ అని ఉన్నదో చూచి అతడు వెనుకకు పోయి సరిచేసికొనును. పుట్టుకతోనే వినికిడి లేని శిశువునకు ఆ తెలుగు ఇంకను రాలేదు. భాష తెలిసినగాని పెదవులు చదువరాదు. పెదవుల ద్వారానే భాష నేర్చుకొమ్మనిన ఆ శిశువు ఎక్కడ మొదలుపెట్టవలెను? కంటికి సంపూర్ణముగా కనబడు భాష చేతుల భాషయే. ఎవరో కొందరు ఓష్ఠపఠనమున సాధించిన అద్భుత నైపుణ్యమును చూపి, అందరికి అది సాధ్యమనుకొనుట జరిగినది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ భార్య మేబెల్ అట్టి నిపుణురాలు. ఆమెకు అయిదవ యేట జ్వరముతో వినికిడి పోయినది. అప్పటికి ఆమెకు మాటలు వచ్చియే ఉన్నవి. 2010లో కెనడా దేశపు వాంకూవర్ నగరమున జరిగిన అదే పరంపరలోని సభ మిలాన్ తీర్మానములను నిరాకరించి, వాటివలన కలిగిన హానికి విచారము వెలిబుచ్చినది. నడుమ నూట ముప్పది సంవత్సరములు గడచినవి.

తొలి యంత్రములు

బెల్ పేరు వచ్చినది గనుక యంత్రముల కథను అక్కడనే మొదలుపెట్టవచ్చును. ఆయన తల్లికి కూడ వినికిడి తక్కువ. తండ్రి మెల్విల్ బెల్ ధ్వనులను పలుకు విధమును గుర్తులతో వ్రాయు ‘కనబడు మాట’ అను లిపిని కనిపెట్టెను. బెల్ బధిరుల ఉపాధ్యాయుడు. మాట యొక్క కంపనములను గీతలుగా గీచి పిల్లలకు చూపవలెనను కోరికతో 1874లో మానవుని చెవి భాగమునే అమర్చిన పరికరముతో ప్రయోగములు చేసెను. ఆ ఆలోచనల త్రోవలో 1876లో టెలిఫోను వచ్చినది. బధిరుల ఉపాధ్యాయుని చేతినుండి వెలువడిన ఆ యంత్రమే మాటను ముఖమునుండి విడదీసినది. టెలిఫోనులో పెదవులు లేవు. వినికిడి తగ్గినవారికి ఆ తరువాత వందేండ్లు అది అందని సాధనముగనే ఉండెను.

ధ్వనిని కంటికి చూపు ప్రయత్నము ఆగలేదు. 1947లో బెల్ ప్రయోగశాలవారు మాటలోని పౌనఃపున్యములను చిత్రముగా చూపు యంత్రమును గురించి పెద్ద గ్రంథము ప్రకటించిరి. ఆ చిత్రములను చదువుట సాధ్యమే కాని, మాట్లాడు వేగముతో చదువుట దుస్సాధ్యము. అప్పుడు కొందరు వేరువిధముగా ఆలోచించిరి. మాట నంతటిని కంటికి చూపనేల? పెదవులపై కనబడని భాగమును మాత్రము చూపిన చాలదా?

1966లో అమెరికాలోని గాలొడెట్ బధిర కళాశాలలో కార్నెట్ అను ఆచార్యుడు ‘క్యూడ్ స్పీచ్’ అను పద్ధతిని ఏర్పరచెను. మాట్లాడువాడు ముఖమువద్ద చేతిని పెట్టుకొని, ఎనిమిది చేతి ఆకారములతోను, నాలుగు స్థానములతోను పెదవులపై ఒకటిగా కనబడు ధ్వనులను వేరుచేసి చూపును. ‘ప’కు ఒక ఆకారము, ‘బ’కు వేరొకటి, ‘మ’కు మరియొకటి. తరువాత ఈ పద్ధతి అనేక భాషలకు అనువదింపబడినది. కాని ఇందులో మాట్లాడువాడు కూడ ఆ విద్య నేర్చియుండవలెను.

రెండేండ్లకు, 1968లో, హెలికాప్టరు కర్మాగారమున పనిచేయు అప్టన్ అను ఇంజనీరు తన కండ్లద్దాలకు చిన్న దీపములు అమర్చుకొని, ఆ పరికరమును గురించి వ్రాసెను. ఆయనకే వినికిడి లోపము కలదు. బట్టలకు తగిలించిన మైకు మాటను విని, నాదము వచ్చినప్పుడు ఒక దీపమును, ఊష్మధ్వని వచ్చినప్పుడు వేరొకదానిని, ఇట్లు కొన్ని గుర్తులను వెలిగించును. అద్దాలు పెట్టుకొన్నవాడు దీపములను, ఎదుటివాని పెదవులను ఒకేసారి చూచును. మన ప్రాచీనులు బాహ్యప్రయత్నమనినదానినే అప్టన్ దీపముగా మార్చెనన్న మాట. 1970 దశాబ్దమున కార్నెట్ మరికొందరితో కలిసి చేతి సంజ్ఞలకు మారుగా అట్టి గుర్తులను కంప్యూటరే కండ్లద్దాలలో చూపు యంత్రమును తయారుచేయబూనెను. అప్పటి కంప్యూటరునకు మాటను త్వరగా, తప్పులేకుండ గుర్తించు శక్తి చాలలేదు. ఆ యంత్రము జనుల వాడుకలోనికి రాలేదు. ఆలోచన మాత్రము నిలిచినది.

అదే దశాబ్దపు చివర అమెరికాలోని రోచెస్టరు బధిర సాంకేతిక సంస్థలో కంప్యూటరును ఓష్ఠపఠనము నేర్పు గురువుగా వాడి చూచిరి. తెరపై మనిషి మాట్లాడును. విద్యార్థి తాను గ్రహించినదానిని మీటలపై కొట్టును. యంత్రము తప్పొప్పులు చెప్పి మరల చూపును. ఎన్నిసార్లడిగినను విసుగుకొనని గురువు అది.

యంత్రమునకు కండ్లు వచ్చుట

ఇంతవరకు యంత్రము మాటను విన్నదేగాని చూడలేదు. కంప్యూటరు పెదవులను చదువుట 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అను చలనచిత్రములో ఊహగా కనబడినది. నిజముగా మొదటి మెట్టు ఎక్కినవాడు ఎరిక్ పెటజాన్. ఆయన 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున తన పరిశోధన వ్యాసములో, కెమెరా పట్టిన నోటి బొమ్మను నలుపు తెలుపులుగా విడదీసి, నోరు ఎంత వెడల్పుగా, ఎంత ఎత్తుగా తెరచుకొన్నదో కొలిచి, కొద్దిపాటి మాటలను గుర్తించు యంత్రమును వర్ణించెను. వినెడి యంత్రమునకు ఈ చూచెడి యంత్రమును జతచేసినచో తప్పులు తగ్గినవి. మనిషిలో కన్ను, చెవి పంచుకొన్న పనినే యంత్రమును పంచుకొన్నది.

ఇప్పటి పద్ధతిలో ఎవరును పెదవుల కొలతలు చెప్పరు. సాధారణముగా వీడియోలో సెకనుకు 25 బొమ్మలు ఉండును. ‘ప’ పలుకుటకు పెదవులు మూసియుండు కాలము సుమారు సెకనులో పదవవంతు. అనగా రెండు మూడు బొమ్మలు మాత్రమే. నోటి భాగమును కత్తిరించిన ఈ బొమ్మల వరుసను, దాని ప్రక్కన అప్పుడు పలికిన మాటలను, వేలకొలది గంటలు కృత్రిమ నాడీజాలమునకు చూపుదురు. ఏ కదలిక తరువాత ఏ కదలిక వచ్చినచో ఏ మాట అయియుండునో ఆ జాలము తనంతట లెక్కలు కట్టుకొనును. దానితోపాటు, భాషలో ఏ మాట తరువాత ఏ మాట రావలెనో కూడ నేర్చుకొనును. మొదట వేసిన ప్రశ్నకు సమాధానము ఇదియే. పాటకును బాటకును పెదవులపై భేదము యంత్రమునకు కూడ కనబడదు. అదియు మన తాతగారివలె ముందు వెనుక మాటలను బట్టి ఊహించును.

ఈ సంగతి తెలిసినప్పుడే వార్తలలోని సంఖ్యల విలువ తెలియును. 2016లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు ‘లిప్‌నెట్’ అను యంత్రము నూటికి 95 మాటలు సరిగా చదివినదని ప్రకటించిరి. ఆ పరీక్షకు వాడిన వాక్యములన్నియు ఒకే మూసలో పోసిన ఆరు మాటల ఆజ్ఞలు. ఆ మాటల పట్టికలో ఉన్నవి 51 మాత్రమే. అదే సంవత్సరము అక్కడివారే మరియొక పరీక్ష చేసిరి. బి.బి.సి. టెలివిజనులో జనులు సహజముగా మాట్లాడిన వాక్యములను యంత్రమునకు చూపగా, అది సుమారు సగము మాటలు సరిగా చదివినది. వృత్తిగా ఓష్ఠపఠనము చేయు నిపుణునికి అవే వీడియోలు చూపగా, అతడు సుమారు నాలుగింట ఒక వంతు పట్టుకొనెను. యంత్రము మనిషిని మించినదని పత్రికలు వ్రాసినవి. నిజమే. కాని సగము మాటలు తప్పిపోయిన సంభాషణ ఎట్లుండునో కూడ తలచవలెను. ఆ తరువాతి యేండ్లలో తప్పులు ఇంకను తగ్గినవి.

హైదరాబాదులో జరిగినది

ఈ కథలో తెలుగు నేలకు ఒక ప్రత్యేకస్థానము ఉన్నది. దానికి కొంచెము వెనుకనుండి రావలెను. తెలుగున తొలి అనువాద చిత్రముగా చెప్పబడు ‘ఆహుతి’ 1950లో వెలువడినది. విశాఖపట్టణమున పుట్టిన శ్రీశ్రీ దానికి మాటలు, పాటలు వ్రాసెను. పరభాషా చిత్రమునకు మాటలు కూర్చువారు పెదవులతో పేచీ పడవలసినదే. తెరమీద పెదవులు మూసినచోట తెలుగులో ప, బ, మ లలో ఏదో ఒకటి పడవలెను. లేకున్న ప్రేక్షకునికి ఎబ్బెట్టుగా తోచును. ఆ మూడింటిలో ఏది పడినను పరవాలేదు. కంటికి అవి ఒకటేయను సూత్రము వారికి వృత్తిరీత్యా తెలిసినదే.

డెబ్బది సంవత్సరముల తరువాత హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అనగా ట్రిపుల్ ఐటీలో, ఈ సమస్యను తలక్రిందులు చేసిరి. సి. వి. జవహర్, వినయ్ నంబూదిరి అను ఆచార్యులతో కలిసి ప్రజ్వల్, రుద్రభ ముఖోపాధ్యాయ మొదలగు యువ పరిశోధకులు, పెదవులకు తగిన మాట వెదకుటకు బదులు మాటకు తగినట్లు పెదవులనే కదిలించు పద్ధతులను 2019, 2020 సంవత్సరములలో ప్రకటించిరి. ఏ మనిషి వీడియోకైనను, ఏ భాషలోని ధ్వనినైనను జతచేసినచో పెదవులు ఆ ధ్వనికి సరిపోవునట్లు మార్చు ‘వావ్‌టులిప్’ లోకమంతట ప్రసిద్ధికెక్కినది. 2020లోనే వారు దీనికి ఎదురుదిశలో, శబ్దము లేని వీడియోలోని పెదవులను చూచి మాట్లాడువాని గొంతును పుట్టించు పద్ధతిని కూడ ప్రకటించిరి. ఇందుకు అయిదుగురు మాటలాడిన సుమారు 120 గంటల వీడియోలు సేకరించిరి. ఒక్కొక్క మనిషి పెదవుల నడకను విడివిడిగా నేర్చుకొనుట దానిలోని విశేషము.

వినికిడి లేనివారికి నేరుగా సంబంధించిన పని 2023లో వెలువడినది. ఆదిత్య అగర్వాల్, బిపాష సేన్ అనువారు పైవారితో కలిసి, ఓష్ఠపఠనము నేర్పు పాఠములను కంప్యూటరుచేత తయారుచేయించుటను పరిశీలించిరి. ఇట్టి పాఠములకు ఇదివరకు నటులను కుదుర్చుకొని, నెలలకొలది ఒక్కొక్క మాటను చిత్రించవలసియుండెను. ఖర్చు హెచ్చు, మాటలు తక్కువ, భాషలు, యాసలు మరింత తక్కువ. వీరి పద్ధతిలో వ్రాసిన మాటను యంత్రము ధ్వనిగా మార్చును. ఆ ధ్వనికి అనుగుణముగా మరియొక యంత్రము ఒక ముఖపు పెదవులను కదిలించును. పాఠము సిద్ధము. నిజమైన మనిషి వీడియోకు బదులు ఈ కల్పిత ముఖమును వాడవచ్చునా అని అభ్యాసకులచేత పరీక్షింపజేసి, వాడవచ్చునని ఆశ కలిగించు ఫలితములు ప్రకటించిరి. స్థానిక భాషలకు, యాసలకు ఈ మార్గము తెరచియున్నదని వారే చెప్పిరి. స్వీడన్ దేశమున ఇంతకుముందే, 2000 దశాబ్దపు తొలి యేండ్లలో, టెలిఫోనులోని గొంతునకు తెరపై పెదవులు పెట్టి చూపు యంత్రమును రూపొందించిరి. బెల్ టెలిఫోను వేరుచేసిన ముఖమును మరల మాటకు జతచేయుట ఈ ప్రయత్నముల సారాంశము.

రోలుగుంటలో ‘ఏటి’

రోలుగుంట మండలము నేడు అనకాపల్లి జిల్లాలోనిది. 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో ఉండెను. చోడవరము చుట్టుపట్ల గ్రామములలో ‘ఏమిటి’ అని అడుగవలసినచోట ‘ఏటి’ అందురు. చెవికి ఇది చిన్న యాస భేదము. కంటికి అట్లు కాదు. ‘ఏమిటి’లో మకారమువద్ద పెదవులు ఒకసారి మూసికొనును, ‘ఏటి’లో మూసికొననే మూసికొనవు. పత్రికల భాషలో వార్తలు చదువువారి ముఖములను చూచి నేర్చిన యంత్రము, గాని అట్టి పాఠములతో అభ్యసించిన మనిషి గాని, ఇక్కడి సంతలో మొదటి ప్రశ్నకే తడబడవలసివచ్చును. తెలుగు భాషలో ఒక్క క్రియకే పదులకొలది రూపములు ఉండుట, కర్త, లింగము, వచనము అన్నియు మాట చివర చేరుట మరియొక చిక్కు. మాటల పట్టిక ఇచ్చి యంత్రమునకు తెలుగు నేర్పుట కాని పని. మాటను ముక్కలుగా విడదీసి చదువు పద్ధతులు కావలెను. అట్టి ఒక పద్ధతిని 2022లో ఆక్స్‌ఫర్డునుండి ప్రకటించినవారిలో హైదరాబాదునుండి వెళ్లిన ప్రజ్వల్ ఒకరు. అయినను ప్రసిద్ధమైన పరీక్షలలో అధికభాగము ఇంగ్లీషు మాటలపైననే జరిగినవి. తెలుగు పెదవులను, అందులోను ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పెదవులను, ఆయా మనుష్యుల అనుమతితో చిత్రించి భద్రపరచుట మన కళాశాలలు చేయదగిన పని. దానికి గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. కెమెరా, వెలుతురు, ఓపిక చాలును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. 2017లో గూగుల్ సంస్థ మాటను విని వ్రాయు తన పద్ధతిని తెలుగునకు కూడ తెచ్చినది. 2019లో, విన్న మాటను వెంటనే సెల్‌ఫోను తెరపై అక్షరములుగా చూపు సాధనమును వెలువరించినది. దాని రూపకల్పనలో ముఖ్యుడైన దిమిత్రి కానేవ్‌స్కీ చిన్ననాటనే వినికిడి కోల్పోయినవాడు. చదువుకొనుటకు అక్షరములే దొరకుచుండగా పెదవులెందుకు? అక్షరములు చదువువాడు ఫోను వైపు చూడవలెను, ముఖము వైపు కాదు. పదిమంది కూర్చున్నచోట, మరపట్టిన రొదలో, యంత్రము చెవి కూడ తడబడును. చదువురాని వృద్ధునికి అక్షరములు పనికిరావు. కావున ఒకటి వచ్చినదని మరియొకదానిని త్రోసివేయరాదు. పెదవులను చదువు యంత్రమునకు ఒక ప్రమాదము కూడ కలదు. దూరమున నిలిచి ఇతరుల రహస్య సంభాషణను గ్రహించుటకు దానిని వాడవచ్చును. సహాయమునకు పుట్టిన సాధనము నిఘా సాధనము కాకుండ చట్టము కావలి కాయవలెను.

2011 జనాభా లెక్కలలో మన దేశమున వినికిడి లోపము గలవారు సుమారు 50 లక్షలుగా నమోదైరి. 2016 నాటి చట్టము రెండు చెవులలోను 70 డెసిబెల్ లోపము గలవారిని బధిరులుగను, 60 నుండి 70 వరకు గలవారిని వినికిడి తగ్గినవారుగను లెక్కించును. సాధారణముగా మనము మాట్లాడు గొంతు 60 డెసిబెల్ ప్రాంతము కనుక, ఆ మెట్టు దాటినవారికి మాట ఎంత దూరమైనదో ఊహించవచ్చును. 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ వినికిడి సంస్థకు హైదరాబాదువాడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టిరి. దానికి సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా సంస్థ ఏర్పడి, సంజ్ఞల నిఘంటువును తయారుచేసినది. పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు మొదట కావలసినది భాష. అది చేతులతో వచ్చినను, శస్త్రచికిత్సతో అమర్చిన పరికరము ద్వారా చెవితో వచ్చినను, ఆలస్యము కాకుండ రావలెను. ఓష్ఠపఠనము, దానికి తోడ్పడు యంత్రములు ఆ భాషకు ఊతకర్రలేగాని, భాషకు బదులు కావు. భాష కలిగియుండి వినికిడి కోల్పోయినవారికి మాత్రము అవి ఈనాడే ఎంతో మేలు చేయగలవు.

యంత్రము వచ్చువరకు ఆగనవసరము లేని సహాయము కూడ కలదు. వినికిడి తగ్గినవారితో మాట్లాడునప్పుడు వెలుతురు మన ముఖముపై పడునట్లు నిలువవలెను. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నచో ముఖము చీకటియగును. నోటికి చేయి అడ్డు పెట్టరాదు. అరచినచో పెదవులు వంకరపోవును గాని మాట స్పష్టము కాదు. ఒకసారి అర్థము కానిచో అదే మాటను పదిసార్లు చెప్పక, వేరొక మాటతో చెప్పవలెను. ‘బాట’ అన్నది తెలియకున్న ‘దారి’ అన్నచో కన్ను దానిని వెంటనే పట్టుకొనును.